లోకాలు ఓడి ఇంజన్లు గెలిచిన కథ

1999లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డెనిస్ చావ్ అనే ఆయన డూమ్ ఆటను తీసుకుని దాన్ని కంప్యూటరు నిర్వహణకు పనిముట్టుగా మార్చాడు. డూమ్ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు: 1993 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ఆట, చేతిలో తుపాకీ, ఎదురుగా చీకటి నడవాలు, ఆ నడవాల్లో రాక్షసులు. ఇక యూనిక్స్ సంగతి. ఆ కంప్యూటర్లలో నడుస్తూ ఉన్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఒక్కోదానికీ ఒక నంబరు ఉంటుంది. ఏదైనా మొరాయిస్తే, పీఎస్ అని టైపు చేసి జాబితా తెప్పించుకుని, అందులో దాని నంబరు వెతికి పట్టుకుని, కిల్ అనే ఆజ్ఞకు ఆ నంబరు అందించాలి. చంపడం అనే మాట అక్కడ మొదటినుంచీ ఉన్నదే. చావ్ దాని చేతికి తుపాకీ ఇచ్చాడు, అంతే.

ఆయన ప్రోగ్రాము పేరు పీఎస్‌డూమ్. అందులో ఒక్కో ప్రాసెస్ ఒక్కో రాక్షసుడు. ఒంటిమీద ప్రోగ్రాము పేరూ నంబరూ రాసి ఉంటాయి. గాయపరిస్తే ఆ ప్రాసెస్‌కి కంప్యూటరు ఇచ్చే ప్రాధాన్యం తగ్గి నిదానిస్తుంది. చంపితే నిజంగానే ఆగిపోతుంది. చావ్ దీన్ని ఉత్త తమాషాగా వదిలెయ్యలేదు. మనుషులకీ కంప్యూటర్లకీ మధ్య వ్యవహారం గురించి ఏటేటా జరిగే పెద్ద సదస్సులో, 2001లో సియాటిల్‌లో, దీనిమీద ఒక పత్రం సమర్పించాడు. ఆయన వాదన ఇలా ఉంటుంది. కంప్యూటరు మీద భారం పెరిగితే గదిలో రాక్షసులు పెరుగుతారు, కాబట్టి పరిస్థితి ఎలా ఉందో లోపలికి అడుగుపెట్టగానే తెలుస్తుంది. కొత్తగా చేరిన నిర్వాహకుడికి చిన్న తుపాకీ ఇస్తే సరి, ముఖ్యమైన ప్రాసెస్‌ని తొందరపడి చంపలేడు. పని ఒక్కడివల్ల కాకపోతే తోటివాళ్ళు వచ్చి సాయం పట్టవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, డూమ్ రాక్షసులకి ఒక అలవాటుంది. ఒకడి దెబ్బ గురితప్పి ఇంకొకడికి తగిలిందంటే వాళ్ళలో వాళ్ళే కొట్టుకు చస్తారు. ఆటగాళ్ళకి అది తెలిసిన ఎత్తే. నలుగురి మధ్యకి వెళ్ళి తగాదా పెట్టి పక్కకి తప్పుకుంటే సగం పని అయిపోతుంది. కానీ పీఎస్‌డూమ్‌లో అలా చచ్చేవి మీకు కావలసిన ప్రోగ్రాములు. తెరమీద కిటికీలు గీసే ప్రాసెస్ పక్కవాడి చేతిలో చస్తే, దానితోపాటే మీరు చూస్తున్న ఆటకూడా పోతుంది.

ఇది చెప్పినప్పుడల్లా మిత్రులు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది గానీ, దీన్ని నేను గంభీరంగానే తీసుకుంటాను. ఇందులో రెండు వేర్వేరు ఆశలు కలిసి ఉన్నాయి. సమాచారాన్ని మనం తిరగగలిగే ఒక చోటుగా, ఒక లోకంగా చూపిస్తే మనిషికి సులువవుతుందన్నది మొదటిది. అలాంటి లోకాన్ని సెకనుకు ముప్ఫై, అరవై సార్లు గీసిపెట్టే యంత్రాన్ని ఆటలవాళ్ళు ఎలాగూ తయారుచేసి పెట్టారు, దాన్ని తెచ్చి వాడుకుందామన్నది రెండోది. ఈ రెండూ ఒకటే అని చాలాకాలం అనుకున్నారు. చరిత్రలో వాటికి పట్టిన గతులు మాత్రం వేరు.

చోటు అనే ఆశ ఆటలకంటే కొంచెం వేరే దారిలో వచ్చింది. 1970ల చివర ఎమ్‌ఐటీలో నికొలస్ నెగ్రోపాంటే, రిచర్డ్ బోల్ట్ ప్రభృతులు అమెరికా రక్షణశాఖ డబ్బుతో ఒక గది తయారుచేశారు. గోడంత తెర, మధ్యలో ఒక ఖరీదైన ఈమ్స్ కుర్చీ, కుర్చీ చేతులకి జాయ్‌స్టిక్కులు. తెరమీద పరుచుకున్న సమాచారానికి వాళ్ళు పెట్టుకున్న పేరు డేటాలాండ్. ఫైలు పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎడమవైపు పైన ఎక్కడో పెట్టినట్టు గుర్తుంటే చాలు, అటు ఎగిరివెళ్ళి చూసుకోవచ్చు. ప్రాచీన గ్రీసు కవి సైమనైడీస్ పైకప్పు కూలిన విందు మందిరంలో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తుచేసుకుని శవాలను గుర్తుపట్టిన కథ ఆ బృందానికి ఇష్టమైనది. జ్ఞాపకం చోటును పట్టుకుని ఉంటుందన్నది వాళ్ళ నమ్మకం.

ఇది మనకి గ్రీసునుంచి తెచ్చుకుని తెలుసుకోవలసినంత విషయం కాదు. మా అమ్మమ్మకి చివరి రోజుల్లో చూపు బాగా మందగించింది. అయినా వంటింట్లో ఏ గూట్లో ఏ డబ్బా ఉందో, పోపులడబ్బాలో మెంతులు ఏ గిన్నెలో ఉన్నాయో చెయ్యి పెడితే తెలిసేది. ఎవరైనా సాయం చేద్దామని డబ్బాలు కడిగి సర్దిపెట్టారా, ఇక ఆ పూట ఇల్లు ఎగిరిపోవలసిందే. సర్దినవాళ్ళు బాగానే సర్దారు, అక్షరక్రమంలో సర్దినంత బాగా. కానీ ఆ సర్దుడు ఆవిడది కాదు. చోటు జ్ఞాపకానికి సాయపడాలంటే ఆ చోటు మన చేత్తో పెట్టుకున్నదై ఉండాలి, కదలకుండా ఉండాలి. తరవాత వచ్చిన చాలా ప్రయోగాలు ఈ చిన్న షరతు దగ్గరే తడబడ్డాయి.

1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమాలో ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, ఇది యూనిక్స్, నాకు తెలుసు అంటుంది. తెరమీద ఏవో దిమ్మెలమీంచి ఎగురుతూ పోతుంటుంది. సినిమావాళ్ళు కల్పించారని చాలామంది అనుకున్నారు గానీ, అది సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ తన యంత్రాలకోసం నిజంగా తయారుచేసిన ఎఫ్‌ఎస్‌ఎన్ అనే ప్రోగ్రాము. ఒక్కో ఫోల్డరు ఒక్కో అరుగు. అరుగు మీద పెట్టెలు ఫైళ్ళు. పెద్ద ఫైలు ఎత్తైన పెట్టె. పాతదో కొత్తదో రంగుని బట్టి తెలుస్తుంది. చూడ్డానికి ఎంత బాగుందో చూడండి. కానీ ఒక ఫైలు తెరవడానికి ఊరంతా ఎగరడం ఎవరికి కావాలి? సినిమాలో ఆ సన్నివేశం రక్తికట్టింది ఎందుకంటే, తలుపవతల రాప్టర్ ఉంది, ఈ అమ్మాయి ఇంకా ఎగురుతూనే ఉంది.

1995 మార్చిలో మైక్రోసాఫ్ట్ బాబ్ వచ్చింది. తెరమీద ఒక ఇల్లు, ఇంట్లో గదులు, గదిలో బల్లమీద ఉత్తరాలు రాసే కాగితం, గోడకి క్యాలెండరు, సలహాలు చెప్పడానికి ఒక కుక్క. ఏడాది తిరిగేసరికి దాన్ని అమ్మకం నుంచి తీసేశారు. మిగిలిందేమిటంటే ఆ కుక్క, తరవాత విండోస్ ఎక్స్‌పీలో ఫైళ్ళు వెతికిపెట్టే చోట మళ్ళీ కనబడింది. ఇంకోటి, బాబ్‌లో కార్టూన్ కుక్క టైమ్స్ ఫాంటులో మాట్లాడటం నచ్చక విన్సెంట్ కొనేర్ గీయడం మొదలుపెట్టిన కామిక్ శాన్స్ అక్షరాలు. అవి బాబ్‌కి సమయానికి అందలేదు, లోకానికి అందాయి.

వీటిని వెక్కిరించడం తేలిక. జాగ్రత్తగా కొలిచినవాళ్ళూ ఉన్నారు. 1998లో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో జార్జ్ రాబర్ట్‌సన్ బృందం డేటా మౌంటెన్ అని ఒకటి చేసింది. కొండవాలు లాంటి తలంమీద వంద వెబ్ పేజీల చిన్న బొమ్మలు. ఎవరికి తోచినట్టు వాళ్ళు పేర్చుకోవచ్చు. తరవాత ఫలానా పేజీ తీసి చూపించమంటే, అప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ జాబితాలో వెతికినవాళ్ళకంటే వీళ్ళు త్వరగా తీసి చూపించారు. కొన్ని నెలల తరవాత పిలిచి అడిగినా చోట్లు మర్చిపోలేదు. చూశారా, మూడో పరిమాణం పనిచేస్తుంది అని అందరూ అనుకున్నారు. అప్పుడు న్యూజిలాండ్‌లో క్యాంటర్‌బరీ విశ్వవిద్యాలయం నుంచి ఆండీ కాక్‌బర్న్, బ్రూస్ మెకెంజీ ఇదే ప్రయోగాన్ని చదునైన తలంమీద, వాలుమీద, పూర్తి లోతున్న లోకంలో విడివిడిగా చేశారు. కంప్యూటరు తెరమీదే కాదు, దారాలకి వేలాడదీసిన నిజం కార్డులతోకూడా. లోతు పెరిగినకొద్దీ వెతకడం కష్టమైందే తప్ప సులువు కాలేదు. డేటా మౌంటెన్‌లో పనిచేసింది కొండ కాదన్నమాట. తన చేత్తో పెట్టుకోవడం, పెట్టిన చోటే ఉండటం. అమ్మమ్మ వంటిల్లు.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. ఆటలో దూరం అనేది సరుకు. తలుపు తాళం వేసి ఉండాలి, తాళంచెవి మూడు గదులవతల ఉండాలి, మధ్యలో ఒక రాక్షసుడు ఉండాలి; అప్పుడే దాన్ని ఆట అంటాం. పనిముట్టుకి దూరం ఖర్చు. ఆటలోంచి లోకాన్ని ఎత్తుకొచ్చినవాళ్ళు దూరాన్ని కూడా కలిపి ఎత్తుకొచ్చారు.

ఇక యంత్రం సంగతి. 2003లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు ప్రాజెక్ట్ లుకింగ్ గ్లాస్ చూపించారు. కిటికీని తలుపులా వెనక్కి తిప్పి దాని వీపుమీద చీటీ రాసుకోవచ్చు. దాన్ని చూసి స్టీవ్ జాబ్స్ ఫోను చేసి, అది మా సొత్తు, అమ్మితే దావా వేస్తామన్నాడని, అయితే మీ కీనోట్ మా పాత ప్రోగ్రాములా ఉందే అని తాను బదులిచ్చానని, జానథన్ ష్వార్జ్ తరవాత రాసుకున్నాడు. 2006లో లినక్స్‌లో కాంపిజ్ వచ్చింది. మా హాస్టల్లో అది జ్వరంలా పాకింది. ఉబుంటు వాళ్ళు పోస్టులో ఉచితంగా పంపే సీడీలు తెప్పించుకుని, గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒకే ఒక్కడి గదిలో పదిమందిమి చేరి, డెస్క్‌టాప్ ఘనాన్ని గిరగిర తిప్పేవాళ్ళం. కిటికీ మూస్తే మంటల్లో కాలిపోయేది. నెల తిరగకుండా అందరం ఆ ఘనాన్ని ఆపేసుకున్నాం. తల తిరుగుతోందని ఒకడు, ఫ్యాను మోత ఎక్కువైందని ఇంకొకడు.

ఘనం ఆపేసుకున్నాం గానీ, దాని కింద ఉన్నది ఆగలేదు. 2002లోనే ఆపిల్ తన క్వార్ట్జ్ ఎక్స్‌ట్రీమ్‌తో కిటికీలను పేర్చి తెరమీద పెట్టే పనిని గ్రాఫిక్స్ చిప్పుకి అప్పగించింది. 2007లో విస్టాతో మైక్రోసాఫ్ట్‌కూడా ఆ దారికే వచ్చింది. అంతకుముందు ఒక కిటికీ జరిపితే, దానికింద ఉన్న ప్రోగ్రాముని లేపి, నీ మూల చెరిగిపోయింది, మళ్ళీ గీసుకో అని చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రతి కిటికీ డూమ్ గోడమీద అతికించిన రాతి బొమ్మలాంటిదే: గ్రాఫిక్స్ చిప్పు జ్ఞాపకంలో ఉన్న ఒక పలుచని పలక. ఫోనులో మీరు వేలితో పేజీని తోస్తే అది జారి, నెమ్మదించి, అంచు తగిలి కొంచెం వెనక్కి ఊగుతుందే, ఆ పనితనం ఆటలవాళ్ళు సాధించినదానికి బంధువే. చోటు లేదు, నడవాలు లేవు, ఎగరడం లేదు. గీసే యంత్రం మాత్రం అన్ని తెరలకిందా ఉంది, ఎవరికీ కనబడకుండా.

చోటు ఎక్కడా నెగ్గలేదా అంటే, ఒక్క సందర్భంలో నెగ్గింది. అక్కడ మనవాళ్ళ మాట ఒకటి ఉంది.

1980ల మధ్యలో లూకాస్‌ఫిల్మ్ ఆటల విభాగంలో చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ హ్యాబిటాట్ అనే లోకం తయారుచేశారు. కమడోర్ 64 లాంటి చిన్న యంత్రం, నత్తనడక టెలిఫోను లైను. అందులో మనకి బదులుగా తిరిగే బొమ్మకి వాళ్ళు అవతార్ అని పేరు పెట్టారు. 1985లో వచ్చిన అల్టిమా నాలుగో ఆటలోనూ ఆ మాట ఉంది, 1992లో నీల్ స్టీవెన్‌సన్ నవల స్నో క్రాష్‌తో అది ఇంకా ప్రచారంలోకి వచ్చింది. పైనుంచి కిందికి దిగడం అని మన మాటకి అర్థం. కీబోర్డు ముందు కూర్చున్నవాడు ఆ చిన్న లోకంలోకి దిగుతున్నాడు, సరిగ్గానే పెట్టారు. కాకపోతే మన కథల్లో అవతారం ఎత్తేది ఒక పని కోసం, పని కాగానే చాలించడానికి. హ్యాబిటాట్‌లోకి దిగినవాళ్ళకి పనేమీ లేదు. అదే దాని అదృష్టం అనిపిస్తుంది.

నిర్వాహకులు వారాల తరబడి కష్టపడి ఒక దీవి, దానిలో ఒక నిధివేట తయారుచేశారు. ఒక ఆటగాడు ఎనిమిది గంటల్లో దాన్ని ఛేదించేశాడు. చాలామంది అప్పటికి ఇంకా లోపలికే రాలేదు. మరోవైపు ఎవరూ చెప్పకుండానే జనం పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పత్రిక నడిపారు. హత్యలూ దోపిడీలూ ఎక్కువైతే, నిజజీవితంలో గ్రీకు చర్చి పురోహితుడైన ఒకాయన అహింసావ్రతం పట్టిన ఒక మఠం పెట్టాడు. మార్నింగ్‌స్టార్, ఫార్మర్ 1990లో తమ అనుభవాలు రాస్తూ తేల్చిందేమిటంటే, అలాంటి లోకం ఎలా ఉంటుందో నిర్ణయించేది అందులో మనుషులు ఒకరితో ఒకరు ఏం చేస్తారన్నదే తప్ప, దాన్ని ఏ యంత్రాలతో కట్టారన్నది కాదు. ఈ పత్రం తరవాత వచ్చినవాళ్ళు చదవలేదా, చదివి పక్కన పెట్టారా అని నాకు ఎప్పుడూ సందేహమే.

2003లో సెకండ్ లైఫ్ మొదలైంది. 2007 మేలో స్వీడన్ అందులో రాయబార కార్యాలయం లాంటిది తెరిచింది. పెద్దపెద్ద కంపెనీలు దీవులు కొనుక్కున్నాయి. అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీ కూడా అలాంటి లోకంలో ఒక భవనం కట్టించి, మూడు దేశాల బృందాలను అందులో సమావేశపరిచింది. మా అవతారాలు వరసగా కుర్చీల్లో కూర్చున్నాయి. గోడమీద పవర్‌పాయింట్. వెనకవరసవాళ్ళకి అక్షరాలు కనబడక ముందుకు నడిచి, ముందువాళ్ళలోంచి దూరి నిలబడ్డారు. ఏ మీటింగు బాధలనైతే తప్పించుకోవాలో వాటినే ఇటుక ఇటుకా పేర్చి కట్టుకున్నాం: వెనకవరస, స్తంభం చాటు, తలుపు దగ్గర తోపులాట. కానీ మీటింగు అయ్యాక ఐదారుగురం అక్కడే ఉండిపోయాం. పోలండ్ నుంచి ఒకతను ఎగరడం నేర్పించాడు. మేడమీద కూర్చుని వాళ్ళ ఊళ్ళో మంచు గురించీ మా ఊళ్ళో ఎండల గురించీ అరగంట మాట్లాడుకున్నాం. ఆ రోజు గోడమీద ఏం చూపించారో ఒక్క ముక్క గుర్తులేదు. అతనితో ఇప్పటికీ ఉత్తరాలు నడుస్తున్నాయి.

అలాంటి లోకాలు ఎన్ని మూతపడ్డాయో! గూగుల్ లైవ్లీ 2008 జులైలో పుట్టి అదే డిసెంబరు ఆఖరుకి పోయింది. ఆల్ట్‌స్పేస్‌ని మైక్రోసాఫ్ట్ 2023 మార్చిలో మూసేసింది. ఊరు ఖాళీ అయితే గోడలన్నా ఉంటాయి. వీటికి అదీ లేదు.

ఇంజన్లకి మాత్రం రోజురోజుకీ గిరాకీ పెరిగింది. ఇందుకు ముఖ్య కారణం డూమ్ తయారీలోనే ఉంది. జాన్ కార్మాక్ ఆటను నడిపే భాగాన్నీ, బొమ్మలూ పటాలూ ఉండే భాగాన్నీ విడివిడి ఫైళ్ళుగా పెట్టాడు. రెండోది మార్చుకుంటే అదే యంత్రం వేరే ఆటను నడుపుతుంది. 1996లో అమెరికా మెరైన్లు అలాగే దాన్ని శిక్షణకు వాడుకున్నారు. 1997 డిసెంబరులో డూమ్ మూలాన్ని అందరికీ విడుదల చేశారు. అది జరగకపోతే చావ్ చేతిలో పీఎస్‌డూమ్ లేదు. 2002 జనవరిలో అమెరికా కంప్యూటరు సంఘంవారి మాసపత్రిక శాస్త్ర పరిశోధనలో ఆటల ఇంజన్ల గురించి ప్రత్యేకంగా వ్యాసాలు వేసింది. లక్షల డాలర్ల యంత్రాలు చేసే పనిని, అన్‌రియల్ టోర్నమెంట్ ఆటను కొద్దిగా మార్చి, మామూలు పీసీలతో పిట్స్‌బర్గ్‌లో చేసి చూపించారు.

2020 అక్టోబరులో హమ్మర్ విద్యుత్ వాహనాన్ని చూపించినప్పుడు దాని డ్రైవరు ముందున్న తెరలను అన్‌రియల్ ఇంజన్‌తో చేశామన్నారు. కార్లవాళ్ళకి ఇందులో తర్కం ఉంది. కారు నిజంగానే చోటులో ఉంటుంది. ఏ చక్రంలో గాలి తగ్గిందో, ఏ తలుపు సరిగ్గా పడలేదో చూపించాలంటే కారు బొమ్మనే తిప్పి చూపించడం జాబితాకంటే నయం. భవనం, శరీరం, రోబో, ఇవన్నీ ఇంతే. విషయానికే ఆకారం ఉన్నప్పుడు లోకం గీయడం దండగ కాదు. ఆకారం లేనిదానికి, బ్యాంకు ఖాతాకో ఉత్తరాల పెట్టెకో, ఆకారం తగిలించడం దగ్గరే బాబ్ చతికిలబడ్డాడు.

అయితే ఇంజన్ అద్దెకొంప లాంటిది. 2023 సెప్టెంబరు 12న యూనిటీ కంపెనీ, తమ ఇంజన్‌తో చేసిన ఆట ఒక హద్దు దాటాక, ఎవరైనా దాన్ని దించుకున్న ప్రతిసారీ తయారీదారు ఇంత కట్టాలని ప్రకటించింది. అప్పటికే విడుదలైన ఆటలకి కూడా. పెద్ద గొడవైంది. నెల తిరక్కుండా కంపెనీ అధిపతి దిగిపోయాడు, ఏడాదికి ఆ రుసుమునే ఎత్తేశారు. కట్టాలన్నది ఆటలవాళ్ళనే. కానీ పదిహేనేళ్ళు నడవాల్సిన కారు తెరని, ఆసుపత్రి తెరని ఇలాంటి ఇంజన్‌మీద కట్టేవాళ్ళు ఆ వారం ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

దీనికంటే నన్ను కలవరపెట్టేది మరొకటుంది. మామూలు ప్రోగ్రాము తెరమీద ఒక బొత్తాం పెట్టాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. ఇది బొత్తాం, దీనిమీద ఈ మాట ఉంది, అని సిస్టమ్‌కి తెలుస్తుంది. కాబట్టి చూపులేనివాళ్ళకి చదివి వినిపించే ప్రోగ్రాము దాన్ని చదవగలదు. ఇంజన్ ఎవరినీ అడగదు. సెకనుకు అరవైసార్లు మొత్తం తెరని తనే గీసి పారేస్తుంది. సిస్టమ్‌కి అది ఒక బొమ్మ, అంతే; అందులో మాట ఉందో మబ్బు ఉందో తెలియదు. దశాబ్దాలుగా సిస్టముల్లో పేరుకున్న మర్యాదలన్నీ ఇంజన్ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఆ మర్యాదల్లో తెలుగు ఒకటి.

ఆటల ఇంజన్లు పుట్టినప్పటి పద్ధతి ఏమిటంటే, అక్షరాలన్నిటినీ ఒక పెద్ద బొమ్మలో గళ్ళుగళ్ళుగా గీసి ఉంచుకోవడం, మాట రాయాల్సి వచ్చినప్పుడు ఒక్కో సంకేతానికీ ఒక్కో గడి కత్తిరించి పక్కపక్కన అతికించడం. ఇంగ్లీషుకి ఇది చాలు. స్త్రీ అనే మాట తీసుకోండి. కంప్యూటరు లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. చిట్టచివర ఉన్న గుడిదీర్ఘం మొదట ఉన్న స మీదకి ఎక్కాలి. త, ర తమ రూపాలు పోగొట్టుకుని వత్తులై కిందికి దిగాలి. పొల్లులు రెండూ మాయమవ్వాలి. ఈ కూర్పు చేసే భాగం వేరే ఉండాలి. విండోస్‌లో అది తెలుగుకి 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. ఆ భాగం లేని ఇంజన్‌లో ఆరు గళ్ళు బారుగా, పెళ్ళిలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడి ఉంటాయి.

పెద్ద సిస్టములకే ఇది సున్నితమైన పని. 2018 ఫిబ్రవరిలో, జ్ఞా అనే అక్షరం, మధ్యలో కనబడని ఒక గుర్తుతో కలిసి, ఐఫోన్లను కుప్పకూల్చింది. ఆ ఒక్క అక్షరం సందేశంలో పంపితే అవతలివాడి ఫోనులో ఆ యాప్ తెరుచుకునేది కాదు. ఆపిల్ హడావిడిగా దిద్దుబాటు విడుదల చేయాల్సి వచ్చింది. తెలుగు అంటే ఏమిటో తెలియని దేశాల పత్రికల్లో ఆ వారం మన జ్ఞా అచ్చయింది.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రదర్శనశాలకి టచ్ స్క్రీన్ బల్ల తయారుచేసే పనిలో నేనూ ఒక చెయ్యి వేశాను. పాత కోట ఒకటి, దాన్ని వేలితో తిప్పి చూడవచ్చు, బురుజుమీద తాకితే దాని కథ తెలుగులో రావాలి. కోట మూడు వారాల్లో తయారైంది. తెలుగు రెండు నెలలు పట్టింది. మేము తీసుకున్న ఇంజన్ వత్తులను ఒప్పుకోలేదు. చివరికి ప్రతి పేరానీ వేరే ప్రోగ్రాములో రాసి, బొమ్మగా మార్చి, కోట గోడలకి రాతి బొమ్మలు అతికించినట్టే అతికించాం. అక్షరదోషం ఒకటి దొరికితే బొమ్మంతా మళ్ళీ చేయాలి. తెరమీద చూస్తే మాత్రం ఎంతో ముచ్చటగా ఉండేది. పిల్లలు ఎక్కువగా కోటనే తిప్పేవాళ్ళు; ఒక పెద్దాయన ప్రతి బురుజు దగ్గరా ఆగి మొత్తం చదవడం చూశాను.

పరిస్థితి మారుతోంది, అదికూడా చెప్పాలి. అన్‌రియల్‌లో ఈ కూర్పు కోసం హార్ఫ్‌బజ్ అనే ఉచిత భాగాన్ని కలిపారు. 2023 మార్చిలో వచ్చిన గొడో నాలుగులో కూడా అదే ఉంది. బెకెట్ నాటకం పేరు పెట్టుకున్న ఇంజన్ అది. తెలుగువాళ్ళం పేరుకి తగ్గట్టే ఎదురుచూశాం. 2025లో గొడో తెర చదివే ప్రోగ్రాములకి కూడా దారి తెరిచింది. అయినా పనిముట్లు చేసేవాళ్ళు విస్తారంగా వాడే డియర్ ఇమ్‌గుయ్ లాంటి చిన్న గ్రంథాలయాల్లో ఇప్పటికీ గళ్ళ పద్ధతే.

నాకొక అలవాటు పడింది. కొత్త ఇంజన్ ఏది చేతికొచ్చినా ముందు స్త్రీ అని టైపు చేస్తాను. తరవాత జ్ఞానం, లక్ష్మి, రాష్ట్రం. లక్ష్మిలో మ-వత్తు క్ష కిందికి దిగిందా, పక్కన జారిందా చూస్తాను. అక్షరాల మధ్య కర్సరును నడిపించి, అది సగం అక్షరంలో చిక్కుకుంటోందేమో చూస్తాను. ఇవి సరిగ్గా వచ్చాకనే కోటలూ కొండలూ ఎలా గీస్తుందో చూడటం.